ఐదో తువ్వాలు

రోస్విత టీడెమాన్ గారికి ఖాళీ కుర్చీ కనబడితే చాలు, దాని మీద తువ్వాలు పరిచేదాకా ఊపిరాడదు. ఇది అలవాటు అంటే ఆవిడ ఒప్పుకోదు, ముందుజాగ్రత్త అంటుంది. కూతురు సిల్కె జబ్బు అంటుంది. అల్లుడు హన్నో ఏమీ అనడు. తువ్వాళ్ళ సంచి మోసేది అతనే కాబట్టి మాట్లాడేటంత ఊపిరి అతనికి మిగలదు.

సెలవులకు వెళ్ళిన జర్మనీవాళ్ళు తెల్లవారేసరికల్లా పడక కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచేసి, ఆ తర్వాత తీరిగ్గా కాఫీకి పోతారని లోకంలో ఒక పేరుంది. కిటికీలోంచి చేతిరుమాలు విసిరి బస్సులో సీటు పట్టే మనకు ఇందులో వింతేమీ లేదు. కాని బ్రెమెన్ నగరంలో రోస్విత గారి ముందు తక్కినవాళ్ళంతా ఓనమాలు దిద్దుకునేవాళ్ళే. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే బయట బెంచీ మీద పరిచేది. లోపలికి పిలిస్తే, డాక్టరు చేతులు కడుక్కుని వచ్చేలోగా ఆయన సొంత స్టూలు మీదా పరిచేది. సిల్కె పెళ్ళికి రిజిస్ట్రారు కుర్చీ మీద పరిచింది. ఆ పెద్దమనిషి మొహమాటపడి నిలబడే పెళ్ళి జరిపించాడు. అందువల్లనే పెళ్ళి ఏడు నిమిషాల్లో ముగిసిందని హన్నో ఈనాటికీ అత్తగారికి కృతజ్ఞుడు. భర్త హెల్మూట్ పోయినప్పుడు ఆవిడ ముందురోజే చర్చికి వెళ్ళి మొదటి వరుస మొత్తం పట్టేసింది. చనిపోయినాయన తప్ప మరెవరూ తనకన్నా ముందు వచ్చి ఉండడానికి వీల్లేదని ఆవిడ పట్టుదల.

తువ్వాళ్ళు ఐదు. నారింజ రంగువి, నాగలి పట్టినవాడి అరచేతిలా గరుకైనవి. అంచున ఎర్రదారంతో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు కుట్టి ఉంటాయి. ఇంట్లో మనుషులు మాత్రం నలుగురే: ఆవిడ, సిల్కె, హన్నో, పదేళ్ళ మనవరాలు మెర్లె.

"ఐదోది ఎవరికి అమ్మమ్మా?" అని మెర్లె ఊహ తెలిసినప్పటి నుంచీ అడుగుతూనే ఉంది.

"వచ్చేవాళ్ళకి."

"ఎవరొస్తారు?"

"వస్తే తెలుస్తుందిగా."

ఇంట్లోవాళ్ళకు జవాబు ఎప్పుడో తెలిసిపోయింది. ఐదోది పోయిన హెల్మూట్ గారిదే. ఇరవై ఏళ్ళయినా ఆయన చోటు ఖాళీగా ఉంచుతోంది పిచ్చితల్లి. అందుకే ఎవరూ రెట్టించి అడగరు. ఐదో తువ్వాలు పక్కనుంచి నడిచేటప్పుడు హన్నో గొంతు కూడా తగ్గించేవాడు.

ఆ ఏడాది వాళ్ళు కరీబియన్ సముద్రంలో పదిరోజుల ఓడ ప్రయాణం పెట్టుకున్నారు. ఏడాది పొడుగునా రోస్విత గారు ఎదురుచూసేది ఈ పదిరోజుల కోసమే. మిగిలిన మూడువందల యాభై అయిదు రోజులనూ వంటింటి క్యాలెండరు మీద ఒక్కొక్కటిగా కొట్టేస్తూ బతుకుతుంది. ఆ ఓడలో సగం మంది జర్మన్లు, సగం మంది ఇంగ్లీషువాళ్ళు. ఆ ఇంగ్లీషువాళ్ళలో ఒకాయన ఆగ్డెన్.

స్టాక్‌పోర్ట్ నుంచి ఒంటరిగా వచ్చిన ఆగ్డెన్ గారు రైళ్ళలో ముప్ఫై ఎనిమిదేళ్ళు టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. తనిఖీ చేయడానికి ఏమీ లేని బతుకు ఆయనకు చప్పగా ఉండేది. ఓడ పదకొండో అంతస్తు డెక్కు మీద గోడకు ఒక నోటీసు కనబడింది: మనిషి లేకుండా ముప్ఫై నిమిషాలు మించి పడి ఉన్న తువ్వాలును తొలగించవచ్చు. ఎవరు తొలగించవచ్చో అందులో లేదు. ఆగ్డెన్ గారు మరునాటి నుంచి మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని డ్యూటీ ఎక్కారు.

నాలుగు రోజులపాటు జరిగిన యుద్ధాన్ని ఆ ఓడవాళ్ళు ఇంకో యాభై ఏళ్ళు చెప్పుకుంటారు. ఆవిడ ఆరింటికి పరిచేది. ఆయన ఆరున్నర దాటిన మరుసెకనుకు తీసి, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి, పోయిన వస్తువుల కౌంటరులో ఇచ్చి రసీదు తీసుకునేవాడు. ఆవిడ రసీదు లేకుండానే వాటిని విడిపించుకుని వచ్చేది. నాలుగోరోజున ఆయన స్టాప్‌వాచ్ చూసుకోవడానికి ఒక్క క్షణం లేచి నిలబడ్డాడు. తిరిగి కూర్చోబోతే ఆయన కుర్చీ మీదే మూడో నంబరు తువ్వాలు ఉంది. ఆ పైన జరిగిన సంభాషణను చల్లార్చడానికి డెక్కు మేనేజరు నడుముకు కట్టుకున్న వాకీటాకీతో పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకొక్క తువ్వాలు కనబడితే మీ కుటుంబానికి ఈ డెక్కు మీదికి ప్రవేశం లేదు" అన్నాడాయన సిల్కెతో.

మరునాడు ఉదయం ఓడ గ్రెనడా దీవిలో ఆగింది. టిఫిన్ల దగ్గర సిల్కె తేల్చేసింది.

"అమ్మా, ఇవాళంతా దీవి మీద తిరుగుతాం. ఎక్కడా ఒక్క సీటు కూడా తువ్వాలు పరిచి ఆపకూడదు. ఆపావంటే వచ్చే ఏడు మేం ముగ్గురమే ప్రయాణం. నువ్వు ఎర్నా పిన్నితో ఉప్పునీళ్ళ వైద్యశాలకు పోవచ్చు."

ఎర్నా పిన్ని అక్కడున్న మూడు వారాలూ తన పేగుల సమాచారం తప్ప ఇంకేమీ మాట్లాడదు. మెర్లె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హన్నో రొట్టె నమలడం ఆపేశాడు. రోస్విత గారు మాత్రం కాఫీ కప్పు కింద పెట్టి, వకీలు లేచినట్టు నిటారుగా కూర్చుంది.

"పరచనులే. తడిసిన తువ్వాలు ఆరేసుకోవచ్చా?"

"తడిస్తే ఆరేసుకో, ఎవరొద్దన్నారు?" అంది సిల్కె విసుగ్గా.

ఆ మాట అని ఉండాల్సింది కాదు.

అదే సమయంలో ఆగ్డెన్ గారు ట్రే పట్టుకుని బల్లల మధ్య రెండో చుట్టు తిరుగుతున్నారు. రోజూ అంతే. రెండు చుట్లు తిరిగి చివరికి చెంచాల బీరువా పక్కన నిలబడి తింటాడు.

"చూడండత్తయ్యా, తినేటప్పుడు కూడా తనిఖీయే" అన్నాడు హన్నో.

రోస్విత గారు ఆయన రెండో చుట్టు ముగిసేదాకా చూసింది. ఇంకో రొట్టె ముక్క తీసుకుంది.

రేవులోకి దిగేటప్పుడు హన్నో సంచి భుజానికెత్తుకుని ఒక పక్కకు ఒరిగిపోయాడు. ఐదు పొడి తువ్వాళ్ళ బరువు అతని భుజానికి కంఠతా వచ్చు. ఇది ఆ బరువు కాదు. రెండడుగులు వేసేసరికి పిక్క మీదుగా చల్లని నీళ్ళు కారాయి.

"అత్తయ్యా, ఇవి తడిసి ఉన్నాయి" అన్నాడు గుసగుసగా.

"స్నానాలగదిలో జారిపడ్డాయి నాయనా."

"ఐదూనా?"

"ఒకదాని వెనక ఒకటి."

హన్నో భార్య వంక చూశాడు. చెబితే అత్తగారు పేగుల పాలవుతుంది. చెప్పకపోతే తను చెప్పలేదన్న సంగతి ఎప్పుడో ఒకనాడు బయటపడుతుంది. పదహారేళ్ళ కాపురంలో ఇలాంటప్పుడు ఏం చేయాలో అతను నేర్చుకున్నాడు. నీళ్ళు కారుతున్న వైపు భార్యకు కనబడకుండా రెండోవైపుకు మారి నడిచాడు.

రేవు బయట కథ్‌బర్ట్ అనే ఆయన పద్దెనిమిది సీట్ల మినీబస్సు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బస్సు తలుపు తాడుతో కట్టి ఉంది. వెనక అద్దం మీద "దేవుడే డ్రైవరు" అని రాసి ఉంది.

"ఎక్కు మామ్మా, ఎక్కు. ముందు చర్చి, తర్వాత సముద్రం, ఆపైన జలపాతం. నాలుగున్నర లోపల మీ ఓడ దగ్గర దించేస్తా."

"నాలుగున్నర దాటితే?" అంది సిల్కె.

"దాటితే మా అక్కయ్య ఇంట్లో ఉండండి. ఆవిడ చేప పులుసు తిన్నాక మీరే ఓడ వద్దంటారు."

కొండ మీది పాత చర్చిలో ఆ పూట పూజ లేదు. మొత్తం రెండువందల ఖాళీ బెంచీలు. ఒక ముసలి సన్యాసిని ఒంటరిగా ఇత్తడి దీపస్తంభాలు తోముతోంది. సిల్కె రంగుటద్దాల ఫోటోలు తీస్తుండగా రోస్విత గారు మొదటి బెంచీ వీపు మీద ఐదు తువ్వాళ్ళూ వరసగా ఆరేసింది. నాపరాళ్ళ మీద టప్ టప్ మని చుక్కలు పడుతున్నాయి. సన్యాసిని తోమడం ఆపి వచ్చింది.

"ఇదేమిటమ్మా?"

"ఆరేస్తున్నాను సిస్టర్."

"దేవుడి ఇంట్లో అందరికీ చోటుంటుంది తల్లీ, ఆపుకోనక్కర్లేదు."

"మరి క్రిస్మసు రోజున వెనక అంతమంది ఎందుకు నిలబడతారు?"

సన్యాసిని చేతిలోని తోముడుగుడ్డ ఒకసారి దులిపింది. అరవై ఏళ్ళుగా ఆవిడకు ఆ ప్రశ్న రాలేదు. చివరికి "నేల మీద నీళ్ళు తుడిచి వెళ్ళండి" అని మళ్ళీ దీపస్తంభాల దగ్గరికి పోయింది. నేల హన్నో తుడిచాడు. నాలుగో నంబరుతో.

తర్వాత సముద్రం. రెండు మైళ్ళ పొడవున తెల్లటి ఇసుక. దాని మీద ఆ కుటుంబం కాక ఉన్నది ఒక మేక మాత్రమే. రోస్విత గారు చెప్పులు విడిచి పరుగులాంటి నడకతో పోయి, నీటికి ఎదురుగా "ముందు వరుస"లో ఐదూ ఆరేసి, వెనక్కి తిరిగి మేక వంక గెలిచినట్టు చూసింది.

"అమ్మా" అంది సిల్కె.

"ఇంకా తడిగానే ఉన్నాయి. కావాలంటే పిండి చూడు."

సిల్కె పిండి చూసింది. తన కాళ్ళ మీద తనే చెంబెడు నీళ్ళు పోసుకుంది. "చర్చి నుంచి ఇక్కడికి గంట ప్రయాణం. ఇంత ఎండలో ఇంకా ఆరలేదా?" అని మొగుడి వంక చూసింది. హన్నో సముద్రం వంక చూశాడు. దారిలో అత్తగారు కొబ్బరిబొండాల బండి దగ్గర బాల్చీడు నీళ్ళు అడిగి తీసుకున్న సంగతి అతనికీ, కథ్‌బర్ట్‌కీ, బొండాలవాడికీ తప్ప ఎవరికీ తెలియదు.

అందరూ నీళ్ళలో దిగి వచ్చేసరికి ఐదో తువ్వాలు మీద మేక ఉంది. కాళ్ళు మడుచుకుని, కళ్ళు మూసుకుని, ఎప్పటినుంచో అక్కడే కాపురం ఉన్నట్టు పడుకుని ఉంది. ఆ చోటు మామగారిదని హన్నో గుండె చివుక్కుమంది. "హుష్" అంటూ చెప్పు తీశాడు.

"దాన్ని కదపకు" అంది రోస్విత గారు.

"అత్తయ్యా, అది ఐదోది."

"తెలుసు. వచ్చింది, కూర్చుంది. నీకేం అడ్డం?"

మేక కళ్ళు తెరిచి హన్నోను చూసింది. అంత అవమానం అతనికి ఆఫీసులో కూడా ఎన్నడూ జరగలేదు.

జలపాతం దగ్గరికి చేరేసరికి మూడు దాటింది. అడవిలో నల్లటి బండలు, పైనుంచి దూకే నీళ్ళు, కింద గుండం, ఒడ్డున ఓడలోంచి వచ్చిన జనం. బండ మీద బండ ఎక్కి రోస్విత గారు ఎత్తైన చోటు ఒకటి చూసి ఐదో నంబరును ఆరేసింది. మేక వాసన పోవాలట. ఆ సాకు నిజం కూడాను. మెర్లె ఈత కొట్టింది, సిల్కె ఫోటోలు తీసింది, హన్నో జారిపడ్డాడు. మూడూ నలభైకి కథ్‌బర్ట్ పైనుంచి హారను మోగించాడు.

"ఆఖరి బస్సు. నాదే. ఓడవాళ్ళు ఎవరున్నా ఎక్కండి."

అప్పుడు తెలిసింది గుండం చుట్టూ ఎంతమంది ఓడవాళ్ళున్నారో. చెట్ల వెనకనుంచి, బండల సందుల్లోంచి లేచి అందరూ ఒక్కసారిగా బస్సు మీద పడ్డారు. తలుపు దగ్గర తాడు చిక్కుపడింది. ఎనిమిది మంది ఒకేసారి లోపలికి దూరబోయి సీసా మెడలో బిరడాలా ఇరుక్కుపోయారు. డెబ్భై నాలుగేళ్ళ రోస్విత గారు ఆ గుంపును ఒకసారి చూసింది. తర్వాత కూతురి వంక చూసింది. సిల్కె తల అడ్డంగా ఊపింది. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ఎర్నా పిన్ని పేగులు కళ్ళ ముందు కదిలి ఉంటాయి.

ఆ తర్వాత మనం పుట్టుకతో నేర్చి వచ్చే విద్యను ఆవిడ అప్పటికప్పుడు సొంతంగా కనిపెట్టింది. హన్నో భుజం మీది సంచిలో చెయ్యిపెట్టి, తడి తువ్వాలు ఉండచుట్టి, బస్సు కిటికీలోంచి విసిరింది. ఒకటి. రెండు. మూడో దాని దెబ్బకు లోపల ఎవరో "అమ్మో" అన్నారు. నాలుగు.

"అమ్మా" అంది సిల్కె. ఈసారి చాలా మెల్లగా అంది. అది ఇంకా భయంగా ఉంది.

"లోపల గాలి బాగా తగుల్తుంది. ఆరతాయి" అంది రోస్విత గారు. కాని ఆ సాకు ఆవిడే నమ్మనట్టు గొంతు బలహీనంగా ఉంది.

నాలుగు సీట్లలో మూడింట సిల్కె, హన్నో, మెర్లె కూర్చున్నారు. నాలుగోదాని మీద తువ్వాలు తువ్వాలులాగే ఉంది. రోస్విత గారు డ్రైవరు పక్కన ఐసుపెట్టె మీద చతికిలబడింది.

"అది నీ సీటే కదా, వచ్చి కూర్చో" అంది సిల్కె పళ్ళు బిగించి.

"అది నాది కాదు."

"మరెవరిది?"

రోస్విత గారు కిటికీలోంచి కిందికి చూసింది. అందరూ చూశారు. ఎత్తైన బండ పక్కన, ఐదో నంబరు తువ్వాలు ఎదుట, ఆగ్డెన్ గారు నిటారుగా నిలబడి ఉన్నారు. మెడలో వేలాడాల్సిన స్టాప్‌వాచ్ చేతిలో ఉంది. ఆయన వచ్చిన టాక్సీ, తోటి ప్రయాణికులు పిలిచి పిలిచి విసిగిపోగా, ఎప్పుడో వెళ్ళిపోయింది.

"వెళ్ళి పిలుచుకురా మెర్లె. బస్సు కదులుతోందని చెప్పు."

మెర్లె పరుగెత్తుకెళ్ళి, పరుగెత్తుకొచ్చింది.

"రానంటున్నాడు అమ్మమ్మా. తువ్వాలు పెట్టి ఇరవై ఎనిమిది నిమిషాలే అయిందట. ఇంకా రెండు నిమిషాలుందట. రూలు రూలేనట."

బస్సులో పెద్ద గోల లేచింది. ఒక లావుపాటి ఆయన నాలుగో సీటు మీద కన్నేసి "ఆయన రాడు, నన్ను కూర్చోనివ్వండి" అన్నాడు. ఆయన అప్పటికే ఒకటిన్నర సీట్లలో కూర్చుని ఉన్నాడు. వెనకనుంచి ఎవరో "ఒక పిచ్చాడి కోసం పదహారు మందిమి ఓడ పోగొట్టుకోవాలా?" అని అరిచారు. కథ్‌బర్ట్ ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు.

"మామ్మా, మా దీవిలో బస్సు కానుపు కోసం ఆగుతుంది. చావు కోసం ఆగుతుంది. పోయిన వారం కోడిపుంజు కోసం ఆపాను. తువ్వాలు కోసం మాత్రం ఇదే మొదలు."

"రెండు నిమిషాలు బాబూ."

"దేవుడే డ్రైవరు. నాదేముంది" అని అతను కాళ్ళు చాపుకున్నాడు.

హన్నోకు ఆ రెండు నిమిషాలు పురిటినొప్పుల్లా గడిచాయి. పక్కన సిల్కె మొహం, ఐసుపెట్టె మీద అత్తగారి వీపు మార్చిమార్చి చూశాడు. డెబ్భై నాలుగేళ్ళ వీపు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉంది. ప్రపంచంలో ప్రతి కుర్చీనీ పట్టుకునే మనిషికి ఇవాళ కుర్చీ లేదు.

సరిగ్గా ముప్ఫై నిమిషాలకు ఆగ్డెన్ గారు ఐదో నంబరును స్వాధీనం చేసుకున్నారు. మడతపెట్టారు. అప్పుడు తలెత్తి చూసేసరికి ఒడ్డున ఆయన తప్ప ఎవరూ లేరు. టాక్సీ లేదు. జలపాతం మాత్రం తన పని తను చేసుకుంటోంది. ఆయన మొహంలో తనిఖీ అధికారి మాయమై, ట్రే పట్టుకుని నిలబడ్డ మనిషి కనబడ్డాడు. తువ్వాలు చంకలో పెట్టుకుని బండల మీదుగా పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

బస్సు మెట్టెక్కి లోపలికి చూశాడు. అన్ని సీట్లూ నిండి ఉన్నాయి. ఒక్కదాని మీద నారింజ తువ్వాలు ఉంది.

"కూర్చోండి" అంది రోస్విత గారు.

ఆయన కూర్చోలేదు. వగరుస్తూనే అడిగాడు. "ఈ సీటు ఎవరికోసం ఆపారు?"

"ఆఖరున వచ్చేవాళ్ళ కోసం. మీరు ఆఖరున వచ్చారు."

"మనిషి లేకుండా ఎంతసేపైంది?"

"ఆరు నిమిషాలు."

ఆయన స్టాప్‌వాచ్ చూసుకుని, లోలోపల లెక్క సరిచూసుకుని తలాడించాడు. "అయితే రూలు ప్రకారమే ఉంది" అని తువ్వాలు తీసి కూర్చున్నాడు. సీటు చెరువులా ఉంది. ఆయన మొహంలో ఏ మార్పూ రాలేదు. ఇంగ్లండులో పుట్టినవాడికి తడి కొత్త కాదు.

బస్సు కొండ దిగడం మొదలుపెట్టింది. హన్నో ముందుకు వంగాడు.

"అత్తయ్యా. ఐదోది మామయ్యగారిది కాదా?"

"హెల్మూట్‌దా?" ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఆ మనిషి బతికుండగా ఒక్కచోట కూర్చున్నాడా? భోజనం కూడా నిలబడే చేసేవాడు. ఆయనకు కుర్చీ ఎందుకు నాయనా?"

"మరి?"

"ముప్ఫై ఏళ్ళు ఓడల కార్ఖానా క్యాంటీనులో వడ్డించాను. రోజుకు తొమ్మిదొందల మంది. గొంతున్నవాడు ఎలాగూ కూర్చుంటాడు. కొత్తగా వచ్చినవాడు, నోరులేనివాడు ట్రే పట్టుకుని రెండు చుట్లు తిరుగుతాడు. ఎవరినో వెతుకుతున్నట్టు నటిస్తాడు. తర్వాత గోడ పక్కన నిలబడి తింటాడు. గరిటె పట్టుకుని నిలబడి నేను చేయగలిగిందల్లా ముందే ఒక కుర్చీ మీద తుడుపుగుడ్డ వేసి ఉంచడం. అలా ఒకటి ఎక్కువ పట్టడం అలవాటైంది. ఒక్కటే ఎక్కువ పడితే అందరూ అడుగుతారు ఎవరికని. అందుకని అన్నీ పడతాను."

హన్నో వెనక్కి ఆనుకున్నాడు. పదిహేడేళ్ళ కిందట నార్డర్నాయ్ దీవిలో ఒక ఎండరోజు గుర్తొచ్చింది. అతను రెండు ఐస్‌క్రీములు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకటి తనది, ఇంకొకటి రానేరాని స్నేహితుడిది. రెండూ మోచేతుల దాకా కరిగి కారుతున్నాయి. ఎవరో ఒకావిడ నారింజ తువ్వాలు తీసి "ఇక్కడ కూర్చో, ఆపి ఉంచాం" అంది. ఆ పక్క తువ్వాలు మీద సిల్కె ఉంది.

"అత్తయ్యా, నార్డర్నాయ్‌లో నేను..."

"దీపస్తంభంలా నిలబడ్డావు. జనం నిన్ను చుట్టి పోతున్నారు."

"అయ్యో. నేను మామయ్యగారి చోట్లో కూర్చున్నాననుకుని ప్రతి ఏడూ ఆయన సమాధి దగ్గర క్షమాపణ చెప్పుకుంటున్నాను."

"పోనీలే, మంచిదే. ఆయన్ని పలకరించేవాళ్ళు ఎవరున్నారు?"

సిల్కె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని హన్నో కంగారుపడి తొంగిచూశాడు. నవ్వు ఆపుకోలేక కిటికీ ఊచను కొరుకుతోంది.

నాలుగూ ఇరవై ఏడుకు రేవు చేరారు. ఓడ మెట్లెక్కుతూ సిల్కె తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఎర్నా పిన్నికి ఉత్తరం రాశావా?"

"ఇంకా లేదు. రాత్రికి రాద్దామనుకుంటున్నా" అంది రోస్విత గారు నేల చూపులు చూస్తూ.

"రాయకు."

ఆవిడ ఒక మెట్టు ఎక్కువ ఎక్కినట్టు తూలి, సర్దుకుని, హన్నోతో "సంచి ఇటివ్వు నాయనా, ఇవాళ నేను మోస్తా" అంది. రెండడుగులు వేసి తిరిగి ఇచ్చేసింది. బరువుగా ఉందట.

మరునాడు ఉదయం ఆరింటికి ఆవిడ అలవాటుగా పదకొండో అంతస్తు డెక్కు మీదికి వెళ్ళి, తలుపు దగ్గరే ఆగిపోయింది. వెనకనుంచి సంచితో వస్తున్న హన్నో ఆవిడకు గుద్దుకున్నాడు.

ముందు వరుసలో ఆరు కుర్చీలు ఆక్రమించి ఉన్నాయి. నాలుగింటి మీద ఓడవాళ్ళ నీలం తువ్వాళ్ళు ఉన్నాయి. ఐదోదాని మీద ఉతికి ఆరేసిన ఐదో నంబరు, ఆరోదాని మీద స్టాక్‌పోర్ట్ నుంచి వచ్చిన, టీ కప్పులు తుడిచే గళ్ళగుడ్డ. వాటి పక్కన ఆగ్డెన్ గారు స్టాప్‌వాచ్‌తో కాపలా ఉన్నారు.

"ఇరవై రెండు నిమిషాలైంది. ఆలస్యంగా వచ్చారు" అన్నారాయన.

"మేం నలుగురం, మీరొకరు. ఆ ఆరోది ఎవరికి?"

ఆగ్డెన్ గారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "వచ్చేవాళ్ళకి."

అప్పుడే తలుపు తోసుకుని డెక్కు మేనేజరు వచ్చాడు. తెల్లవారకముందే లేచి పదకొండు అంతస్తులు మెట్లెక్కిన మనిషి. ఆరు తువ్వాళ్ళు చూశాడు. నడుముకున్న వాకీటాకీ మీద చెయ్యేశాడు. నోరు తెరిచి ఆవులించాడు. కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు.

రోస్విత గారు వెళ్ళి గళ్ళగుడ్డ తీసి చంకలో పెట్టుకుంది.

"కూర్చోండి బాబూ. ఆపి ఉంచాం."

ఆయన అటూ ఇటూ చూశాడు. "రెండు నిమిషాలు మాత్రమే" అని మెల్లగా కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు.

ఆగ్డెన్ గారు స్టాప్‌వాచ్ నొక్కబోయి, ఆగి, జేబులో వేసుకున్నారు.